కాపలాకు జీతం ఎంత?

ఇంటి కంప్యూటర్‌కు ఉచిత యాంటీవైరస్ సరిపోతుందా, డబ్బు పెట్టి కొనాల్సిందేనా? దుకాణంలో చెప్పే జవాబు పాతబడింది

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. హైదరాబాదీల నోట సీటీసీ. ఇంజనీరింగ్‌లో చేరిన కూతురి కోసమో, ఇంటి నుంచి ఉద్యోగం చేసే కొడుకు కోసమో కంప్యూటర్ కొనడానికి వచ్చినవారు ప్రాసెసర్ దగ్గర, ర్యామ్ దగ్గర, మానిటర్ దగ్గర బేరమాడి అలసిపోయి చివరికి బిల్లు కౌంటర్‌కు చేరతారు. అప్పుడు వినిపిస్తుంది ఆ ప్రశ్న: "యాంటీవైరస్ వేసేయమంటారా సార్?" అప్పటికే బిల్లు యాభై వేలు దాటి ఉంటుంది. ఇంకో వెయ్యికి ఏం వెనకాడతారు? "వేసేయండి" అంటారు. లేదంటే, పక్కన ఉన్న బంధువుల కుర్రాడు "ఎందుకంకుల్, నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, నేనేస్తాగా" అని చెవిలో ఊదుతాడు. దుకాణదారు మొహం చిన్నబుచ్చుకుంటాడు.

ఇద్దరిలో ఎవరి మాట వినాలి? నిజానికి ఇద్దరూ చెప్పని మూడో సంగతి ఒకటుంది. విండోస్ 10 లేదా 11 ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక యాంటీవైరస్ ముందే ఉంది. దానికి వేరే పైసా ఇవ్వక్కర్లేదు, ఎక్కడినుంచీ దించుకోనక్కర్లేదు. అంటే ప్రశ్న 'ఉచితమా, కొనుగోలా' అన్నది కాదు. ఉన్న కాపలాదారును తప్పించి వేరొకరిని పెట్టుకోవాలా, పెట్టుకుంటే ఆ మనిషికి జీతం ఏ రూపంలో ఇవ్వాలి అన్నదే.

కొనాల్సిందే అనే అలవాటు ఊరికే రాలేదు. ఈ వ్యాపారానికి మూలమైన వైరస్ కూడా మన పొరుగున పుట్టిందే. పర్సనల్ కంప్యూటర్ల చరిత్రలో తొలి వైరస్‌గా లెక్కించే 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో తయారైంది. రాసినవారు బాసిత్ ఫరూఖ్ అల్వీ, అంజద్ ఫరూఖ్ అల్వీ అనే అన్నదమ్ములు. తమ సాఫ్ట్‌వేర్‌ను దొంగ కాపీలు తీస్తున్నవారిని పట్టుకోవడానికే అలా చేశామన్నది వారి వాదన. అందులో వారు తమ పేర్లు, చిరునామా, ఫోన్ నంబర్లు కూడా చేర్చి 'టీకా' కోసం తమనే సంప్రదించాలని సూచించారు. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకుతూ అది ఖండాలు దాటింది.

టీకా వ్యాపారం మన దేశంలో పుణె, చెన్నై, ముంబైలలో వేళ్లూనుకుంది. చెన్నైలో జె.కేశవర్ధనన్ 1991లో కె7 సంస్థను స్థాపించారు. పుణెలో పదో తరగతితో చదువు ముగించి కాలిక్యులేటర్లు బాగుచేసే దుకాణం నడిపిన కైలాష్ కాట్కర్, రిపేరుకు వచ్చే కంప్యూటర్లలో సగం జబ్బు వైరస్‌లదేనని గమనించారు. కంప్యూటర్ సైన్స్ చదువుతున్న తమ్ముడు సంజయ్ వాటిని తుడిచేసే ప్రోగ్రాములు రాశారు. అదే క్విక్ హీల్. ఆ రిపేరు దుకాణం కంపెనీగా ఎదిగి 2016 ఫిబ్రవరిలో స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది.

2000 దశకంలో ఈ డబ్బాల అవసరం నిజంగానే ఉండేది. జిరాక్స్ షాపులోనో, నెట్ సెంటర్‌లోనో, ఫొటో స్టూడియోలోనో ఒకసారి పెన్‌డ్రైవ్ పెట్టి తీస్తే చాలు, ఇంటికొచ్చేసరికి ఫోల్డర్లన్నీ మాయమై వాటి స్థానంలో అదే బొమ్మతో ఉండే వైరస్ ఫైళ్లు కూర్చునేవి. తెలియక నొక్కితే అంతే. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రాం తనంతట తాను నడిచే సదుపాయం విండోస్‌లో ఉండటమే ఈ జాడ్యానికి మూలం. విండోస్ 7లో దాన్ని కట్టేసిన మైక్రోసాఫ్ట్, ఎక్స్‌పీ, విస్టాలకు 2011 ఫిబ్రవరిలో గానీ ఆ అప్‌డేట్ ఇవ్వలేదు. అప్పటికి ఒక తరానికి వైరస్ భయం, డబ్బా కొనే అలవాటు రెండూ ఒంటబట్టేశాయి.

ఆ తర్వాత పరిస్థితి మారిన సంగతి చాలామందికి తెలియదు. దుకాణాలు చెప్పవు, చెప్పాల్సిన అవసరమూ వాటికి లేదు. 2004 చివర్లో జెయింట్ అనే చిన్న కంపెనీని కొని ఈ రంగంలోకి దిగిన మైక్రోసాఫ్ట్, 2009 సెప్టెంబర్‌లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌ను ఉచితంగా ఇచ్చింది. 2012లో విండోస్ 8తో దాన్ని డిఫెండర్ పేరిట విండోస్‌లోనే కలిపేసింది. మొదట్లో దాన్ని నిపుణులు ఆటబొమ్మగా చూసేవారు. పరీక్షల్లో అట్టడుగున ఉండేది కూడా. ఇప్పుడు అలా కాదు. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఉన్న ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణకు ఆరు మార్కులు పెట్టి నిర్వహించే పరీక్షల్లో ఇటీవలి సంవత్సరాల్లో డిఫెండర్ పలుసార్లు ఆరుకు ఆరు తెచ్చుకుంది. డబ్బు తీసుకునే పెద్ద పేర్లకు వచ్చేవీ అవే మార్కులు.

లోపాలు లేవని కాదు. ఇంటర్నెట్ లేనప్పుడు డిఫెండర్ పట్టు సడలుతుందని ఆస్ట్రియాలోని ఏవీ-కంపేరటివ్స్ పరీక్షల్లో కనిపిస్తూ వచ్చింది. ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ నుంచి డాక్యుమెంట్లు, ఫొటోల ఫోల్డర్లను కాపాడే ప్రత్యేక ఏర్పాటు అందులో ఉంది గానీ, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. చేస్తే కొన్ని మంచి ప్రోగ్రాములను కూడా అడ్డుకుని విసిగిస్తుంది, వాటికి ఒక్కోసారి అనుమతి ఇస్తూ పోవాలి. ఆ తలనొప్పి పడలేనివారు ఎక్కువే.

ఉచితం వెనక బేరం

ఇక బంధువుల కుర్రాడు చెప్పే ఉచిత యాంటీవైరస్‌ల సంగతి. వీటిలో పేరున్నవాటికి సత్తా లేదనడం తప్పు. ఒకే కంపెనీ ఉచితంగా ఇచ్చేదానిలోనూ డబ్బుకు అమ్మేదానిలోనూ వైరస్‌లను పట్టే ఇంజన్ సాధారణంగా ఒకటే. తేడా పైపై హంగుల్లో. మరి కోట్ల మందికి ఉచితంగా ఇచ్చే కంపెనీ బతికేదెలా?

ప్రేగ్‌కు చెందిన అవాస్ట్ కథ ఈ ప్రశ్నకు కళ్లు తెరిపించే జవాబు. 2001 నుంచి ఇళ్లకు ఉచితంగా యాంటీవైరస్ ఇచ్చి కోట్లాది కంప్యూటర్లలోకి చేరిన ఈ సంస్థ, జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా వినియోగదారులు ఏ వెబ్‌సైట్లు చూస్తున్నారో ఆ సమాచారాన్ని అమ్ముకుంటోందని 2020 జనవరిలో పత్రికల పరిశోధనలో బయటపడింది. గొడవ కాగానే అవాస్ట్ జంప్‌షాట్‌ను మూసేసింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్క ప్రకారం ఆ సమాచారం వందకు పైగా సంస్థలకు చేరింది. ఒక మనిషి మతం, ఆరోగ్యం, రాజకీయ మొగ్గు, ఆర్థిక స్థితి పసిగట్టడానికి సరిపోయే వివరాలవి. 2024 ఫిబ్రవరిలో కమిషన్ అవాస్ట్‌పై 1.65 కోట్ల డాలర్ల జరిమానా ప్రకటించి, ప్రకటనల కోసం అలాంటి సమాచారం అమ్మకుండా కట్టడి చేసింది. ఇంటికి కన్నం వేయకుండా కాపలా కాయమంటే, ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏం చేస్తున్నారో కాపలాదారే వీధిలో అమ్ముకున్నట్టయింది.

అలాగని డబ్బు తీసుకునే కంపెనీలూ ఉచిత కంపెనీలూ రెండు వేర్వేరు జాతులనుకుంటే పొరపాటు. అవాస్ట్ 2016లో తన ప్రధాన పోటీదారు ఏవీజీని కొంది. నార్టన్ కంపెనీ 2021లో జర్మనీకి చెందిన అవీరాను, 2022లో అవాస్ట్‌నూ కలిపేసుకుని జెన్ డిజిటల్ అని పేరు మార్చుకుంది. అంటే నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా అన్నీ ఒకే గొడుగు కింద ఉన్నాయి. కుర్రాడు ఒకదాన్ని పొగిడి మరోదాన్ని తిట్టినా లాభం చేరేది ఒకే గల్లాపెట్టెకు.

జీతం పుచ్చుకునేవారి నిర్వాకాలూ తక్కువేం కాదు. 2021లో నార్టన్ తన ఖాతాదారుల కంప్యూటర్లతో క్రిప్టో కరెన్సీ తవ్వించే సదుపాయం పెట్టి వచ్చినదాంట్లో 15 శాతం కమిషన్ తీసుకుంది. వద్దనుకుంటే వాడకపోవచ్చు నిజమే, కానీ కరెంటు బిల్లు ఎవరిదో చెప్పనక్కర్లేదు. 2010 ఏప్రిల్‌లో మెకఫీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీలోని కీలకమైన ఫైలునే వైరస్‌గా పొరబడి ఎన్నో కంప్యూటర్లను పడుకోబెట్టింది. ముంబైకి చెందిన ఈస్కాన్ అప్‌డేట్లు పంపే దారిలోనే చొరబడి దుండగులు తమ సరుకు జొప్పించారని 2024 ఏప్రిల్‌లో వెల్లడైంది. 2023 జులై ఆఖరుకే ఆ లొసుగును సరిచేశారు. ఈ సంగతి కనిపెట్టి చెప్పింది మరెవరో కాదు, అవాస్టే. కార్పొరేట్ల కోసం తయారైన క్రౌడ్‌స్ట్రైక్ ఒక చెడ్డ అప్‌డేట్‌తో 2024 జులై 19న ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ యంత్రాలను స్తంభింపజేసినప్పుడు, శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇవ్వాల్సి వచ్చింది.

ఇళ్లవారిని ఎక్కువగా కొట్టేది మాత్రం ఇంకొకటి. రెన్యువల్. తొలి ఏడాది డిస్కౌంట్‌లో ఐదారు వందలకు దొరికిన ప్యాకేజీ రెండో ఏడాది పూర్తి ధరకు, అదీ అడక్కుండానే కార్డు నుంచి కోసుకుపోతుంది. బ్రిటన్‌లో ఇలాంటి ఫిర్యాదులపై అక్కడి పోటీ నియంత్రణ సంస్థ జోక్యం చేసుకున్నాక 2021లో మెకఫీ, నార్టన్ తమ పద్ధతులు మార్చుకుంటామని హామీ ఇచ్చాయి. మన దగ్గర రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చాయి. కార్డు నుంచి ఇలా దానంతట అదే డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారుకు సమాచారం ఇవ్వాలి. ఆ ఎస్సెమ్మెస్‌ను చదవకుండా తుడిచేసేవారే ఎక్కువన్నది వేరే సంగతి. కొనేటప్పుడే ఆటో రెన్యువల్ ఆపేయడం తేలిక. సీటీసీ లాంటి చోట లైసెన్స్ కీ ఉన్న డబ్బా కొంటే ఆ బెడద అసలుండదు.

ఎవరు కొనాలి?

డబ్బు పెట్టి కొనడం దండగ అని కొట్టిపారేయలేని ఇళ్లు ఉన్నాయి. ఇంట్లోనే ట్యాలీ పెట్టుకుని పదిమంది వ్యాపారుల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూసే అకౌంటెంటునే తీసుకోండి. ఆయన కంప్యూటర్‌లో ఉన్నది తన సొత్తు కాదు, ఖాతాదారులది. మార్చి నెలాఖరున ఆ ఫైళ్లకు తాళం పడితే పోయేది ఫైళ్లొక్కటే కాదు, ఇరవై ఏళ్లుగా సంపాదించుకున్న నమ్మకం కూడా. పైగా అవాస్ట్, ఏవీజీ లాంటి ఉచిత యాంటీవైరస్‌లు ఇంటి వాడకానికే తప్ప వ్యాపారానికి కాదని వాటి లైసెన్స్‌లోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు గానీ. డీటీపీ సెంటర్లు, ట్యూషన్లు, ఇంటి నుంచి నడిచే బుటీక్‌లు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అలాంటివారికి ఏడాదికి వెయ్యి, రెండు వేలు పెద్ద ఖర్చేం కాదు.

పిల్లలు ఆడే ఆటలు, చూసే సైట్లపై ఒక కన్నేసి ఉంచాలనుకునేవారికి, ఇంట్లో నాలుగు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు ఉండి అన్నింటికీ ఒకే లైసెన్స్ కావాలనుకునేవారికి కూడా పెయిడ్ ప్యాకేజీలు పనికొస్తాయి. ఇంకో వర్గం ఉంది, దాన్ని నిపుణులు పట్టించుకోరు. పిల్లలు డాలస్‌లోనో, బెంగళూరులోనో ఉండి ఇక్కడ ఒంటరిగా ఉండే తల్లిదండ్రులు. కంప్యూటర్ మొరాయిస్తే వారికి కావలసింది ఆరుకు ఆరు మార్కుల ఇంజన్ కాదు, ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడి ఇంటికొచ్చి చూసే మనిషి. ఊళ్లోని డీలర్ దగ్గర డబ్బా కొంటే సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆ మనిషి కూడా వస్తాడు. ఆ వెయ్యి రూపాయలు నిజానికి అతని ఫీజు.

వీరెవరూ కానివారికి, అంటే సినిమాలు, పాఠాలు, రైలు టికెట్లు, బ్యాంకు పనులకు కంప్యూటర్ వాడే సగటు కుటుంబానికి, డిఫెండర్ చాలు. కొత్త ల్యాప్‌టాప్‌లో రెండు నెలలకో ఏడాదికో ఉచితమంటూ వచ్చే ట్రయల్ యాంటీవైరస్‌ను గడువు తీరాక తీసేస్తే డిఫెండర్ తనంతట తానే డ్యూటీలో చేరుతుంది. ఒకటి ఉండగా రెండోది వేస్తే మరింత భద్రత అనుకోవడం మాత్రం ప్రమాదం. రెండూ ఒకదాన్నొకటి అనుమానిస్తూ కంప్యూటర్‌ను నత్తనడక నడిపిస్తాయి.

అయితే 'డిఫెండర్ చాలు' అన్న మాటకు ఒక షరతు ఉంది. విండోస్ అసలుదై ఉండాలి, అప్‌డేట్లు ఆగకూడదు. ఈ షరతు ఎంత ముఖ్యమో 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసులకు అనుభవమైంది. వాన్నక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసిన ఆ రోజుల్లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు వంటి జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు కొన్ని తెరుచుకోకుండా పోయాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్నింటికీ అది సోకింది. తాళం తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు ఇమ్మని తెరపై డిమాండ్. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివారికే దెబ్బ తగిలింది.

ఇప్పుడు అలాంటి కంతే లక్షల ఇళ్లలో తెరుచుకుంటోంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగించింది. ఇళ్లవారు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొందే పథకం ఒకటి పెట్టింది. డిఫెండర్‌కు వైరస్‌ల ఆనవాళ్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా పంపుతామంది. కాపలాదారుకు వేళకు భోజనం పెడుతూ గోడకు పడిన గండి మాత్రం పూడ్చకపోవడం లాంటిదిది. పాత కంప్యూటర్లు చాలావాటిలో విండోస్ 11 ఎక్కదు. అలాంటి మెషీన్‌కు ఖరీదైన యాంటీవైరస్ కొని నిశ్చింతగా ఉండటం కన్నా ఆ డబ్బు కొత్తదానికి దాచుకోవడం మేలు.

దొంగ విండోస్ మాట చెప్పనే అక్కర్లేదు. అసెంబ్లింగ్ ఖర్చు తగ్గించడానికి వేసే క్రాక్‌లు పనిచేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపేయమంటాయి. ఇళ్ల కంప్యూటర్లపై పడి తినే స్టాప్ లేదా డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ ఎక్కువగా ఇలాంటి క్రాక్‌ల వెంటే వచ్చింది. 72 గంటల్లో చెల్లిస్తే 490 డాలర్లు, ఆలస్యమైతే 980 అని అది రేటు పెట్టింది. చనిపోయిన నాన్న ఫొటోలు, అమ్మాయి పెళ్లి వీడియో ఉన్న ఫోల్డర్ అందులో చిక్కితే ఏ యాంటీవైరస్‌ కొన్నా తిరిగిరాదు. రెండు మూడు నెలలకొకసారి వాటిని కాపీ చేసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఖరీదు కొన్ని వేల రూపాయలు. కౌంటర్ దగ్గర దాని గురించి అడిగేవారు అరుదు.

అసలు ఇవాళ డబ్బు పోతున్న దారి వేరే. 2024లో సైబర్ నేరాల్లో దేశ ప్రజలు కోల్పోయింది రూ. 22,845 కోట్లని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. అందులో పాత పద్ధతి వైరస్‌ల పాత్ర స్వల్పం. సీబీఐ అధికారినంటూ వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్టు' చేసేవాడు, షేర్లలో రెట్టింపు లాభం చూపించేవాడు, బ్యాంకు నుంచంటూ ఓటీపీ అడిగేవాడు... వీరిలో ఎవరినీ యాంటీవైరస్ ఆపలేదు, తలుపు తీసేది మనమే కనక. వాట్సాప్‌లో పెళ్లి పిలుపుగానో ట్రాఫిక్ చలానాగానో వచ్చే ఏపీకే ఫైలును ఫోన్‌లోని మంచి యాంటీవైరస్ పట్టుకోవచ్చు, పట్టుకోకపోనూవచ్చు.

ఇందులో చేదు నిజం మరొకటుంది. యాంటీవైరస్ భయమే మోసగాళ్లకు పెట్టుబడి అయింది. 'మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లున్నాయి, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి' అని కేకలు పెట్టే కిటికీలు, 'మీ యాంటీవైరస్ రెన్యువల్‌కు వేలల్లో కోసుకున్నాం, వద్దనుకుంటే సంప్రదించండి' అనే ఈమెయిళ్లు ఆ బాపతే. ఫోన్ చేస్తే, కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే ప్రోగ్రాం వేయించి బ్యాంకు ఖాతా తెరిపిస్తారు. ఈ దందా నడిపే కాల్ సెంటర్లు మన నగరాల్లోనే ఉన్నాయి. 2023 అక్టోబర్‌లో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2' పేరిట 76 చోట్ల సోదాలు జరిపినప్పుడు ఫిర్యాదులిచ్చినవారిలో మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఉన్నాయి. అసలు యాంటీవైరస్ ఏదీ తెరపై ఫోన్ నంబర్ చూపించి ఫోన్ చేయమని బెదిరించదు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కు ఫోన్ చేస్తే బ్యాంకులు ఆ సొమ్మును మధ్యలోనే ఆపే అవకాశం ఉంది. గంటలు గడిచేకొద్దీ అది చేతులు మారిపోతుంది.

అనుమానం తీరనివారికి ప్రభుత్వమే ఒక ఉచిత మందుల దుకాణం తెరిచింది. కేంద్ర ఐటీ శాఖ పరిధిలోని సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లో దేశీయ కంపెనీలు ఇచ్చిన వైరస్ తొలగింపు పరికరాలు పెట్టారు. కాపలా కాసే రకం కాదవి, సోకినదాన్ని ఒకసారి వెతికి తుడిచేవి. వాటితో పాటు పెన్‌డ్రైవ్‌లను అదుపు చేసే 'యూఎస్‌బీ ప్రతిరోధ్', ఫోన్ల కోసం 'ఎం-కవచ్' లాంటివి కూడా ప్రజలకు అందించారు. ఈ రెండూ తయారైంది హైదరాబాద్‌లోని సీ-డాక్‌లో. సీటీసీ ఉన్న ఊరే.